అమ్మ పలకని ఏళ్లు

మొన్న ఆషాఢంలో ఓ ఆదివారం మధ్యాహ్నం ఆరాంఘర్ చౌరస్తాలో మా ఆటో ఆగిపోయింది. అక్కడ ఆగని బండి ఉండదు కాబట్టి అదేం విశేషం కాదు. మా ముందు ఒక స్కూటర్. నడిపేది ఆమె భర్త కాబోలు, వెనక సీటు మీద నడివయసు స్త్రీ. ముఖమంతా పసుపు, నుదుట పెద్ద కుంకుమబొట్టు, మెడలో గవ్వల దండ, చేతిలో వేపమండ, తల మీద హెల్మెట్. హెల్మెట్ కింది నుంచి జడలు కట్టిన వెంట్రుకల పాయ ఒకటి వీపు మీదికి వేలాడుతోంది. ట్రాఫిక్ కానిస్టేబుల్ అలవాటుగా ఫోన్ ఎత్తి, ఫొటో తీయడానికి తప్పేమీ దొరక్క దించి, ఫోన్‌తో సహా రెండు చేతులూ జోడించాడు. ఆమె వేపమండ ఆడించి దీవించింది. "అమ్మవారికి కూడ చలాన్ అంటే భయమే సార్" అన్నాడు మా ఆటో అబ్బాయి. నవ్వాను. కానీ సిగ్నల్ దాటి చాలా దూరం వచ్చాక కూడా నా మనసు ఆ పసుపు ముఖం దగ్గరే ఉండిపోయింది. శంషాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి అక్క కూడా శివసత్తే. ఊరి దేవత ఒంటి మీదికి వచ్చే స్త్రీని ఆ ప్రాంతంలో శివసత్తి అంటారు, అలా రావడాన్ని శిగం ఊగడం అంటారు. ఆ ఇంట్లో మేమున్న కాలంలో ఎక్కువ భాగం, అమ్మ ఆమె మీదికి రాలేదు. నేను చెప్పబోయేది ఆ రాని ఏళ్ల సంగతి.

విమానాశ్రయం తెరిచిన ఏడాదే మా పత్రిక జిల్లా పేజీల డెస్కును శంషాబాద్‌కు మార్చింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి చాలాకాలం సికింద్రాబాద్‌లో ఇరుకు వాటాలకు అలవాటు పడిన మాకు, విమానాశ్రయం గోడకు ఇవతల, దాని కోసం ఊళ్లు ఖాళీ చేసి వచ్చినవాళ్ల కాలనీలో రెండు గదుల మేడ దొరికింది. గాలీ వెలుతురూ బాగా వచ్చేవి. వాటితోపాటు విమానాలూ వచ్చేవి. మా ఆవిడ మొదట్లో చెవులు మూసుకునేది. నెల తిరిగేసరికి మాట మధ్యలో ఆపి, విమానం వెళ్లిపోయాక, ఆపిన అక్షరం దగ్గరే అందుకోవడం నేర్చుకుంది. అక్క భర్త, మా ఇంటాయన, మాత్రం వాటితో ఎప్పటికీ రాజీపడలేదు. ఆయన కాటేదాన్‌లో ఒక ప్లాస్టిక్ కార్ఖానాలో వాచ్‌మన్. సెలవురోజు మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ, "గీడు దిగేది మన జొన్నచేన్లనే. ఒక్కనాడన్న పలుకరిచ్చిండా పేపరాయనా?" అనేవాడు. తెలంగాణ ఉద్యమం వేడెక్కాక బంద్ రోజుల్లో పొద్దున వెళ్లి రోడ్డు మీద కూర్చుని, సాయంత్రం వచ్చి, "మీ ఆంధ్ర పేపర్ల నా ఫోటో వస్తదా రాదా?" అని నన్ను నిలదీసి, ఆ పూట ఇంట్లో కాసిన చిక్కుడుకాయలు మా ఆవిడ చేతిలో పెట్టేవాడు.

అక్క నాకన్నా కొద్దిగా పెద్దది. బలమైన మనిషి. జడలు కట్టిన పాయ ఒకటి ఆమె వీపు మీదా వేలాడేది. కాలనీలో ప్లాట్లు ఇచ్చినవాళ్లు బర్రెల సంగతి ఆలోచించి ఉండరు. ఆమె మాత్రం ఇంటి పక్క సందులోనే రేకులు వేసి రెండు బర్రెల్ని కట్టేసింది. తెల్లవారకముందే లేచి పాలు పితికి, కాలనీ అంతా తిరిగి పోసివచ్చేది. మంగళవారం మాత్రం బర్రెల కన్నా ముందు పోచమ్మ. పాత ఊరి నుంచి ట్రాక్టర్‌లో తెచ్చి కాలనీ చివర నిలబెట్టుకున్న మోకాలెత్తు రాయి అది. చుట్టూ మూడు గోడలు, మీద రేకు. అక్క బిందెడు నీళ్లు మోసుకెళ్లి రాయిని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, అంతసేపూ మాట్లాడుతూనే ఉండేది. మంత్రాలూ స్తోత్రాలూ కావు. ఒకసారి మా ఆవిడ విని వచ్చి చెప్పింది: "ఏంది, గట్ల చూస్తున్నవ్? పోయిన వారం రాలేదనా? బర్రె ఈనింది. నీకు పిల్లలా జెల్లలా, నీకేం తెలుస్తది?" అందట. నాకు దేవుడితో పెద్ద పేచీ లేదు, పెద్ద చనువూ లేదు. ఆ చనువు చూస్తే మాత్రం కొంచెం ఈర్ష్యగా ఉండేది.

వచ్చిన ఏడాదే బోనాలలో ఆమె శిగం ఊగడం చూశాను. ఆడవాళ్లు పసుపు కుండల మీద దీపాలు పెట్టుకుని వరసగా వచ్చారు. డప్పులు దగ్గరయ్యేకొద్దీ, అప్పటిదాకా పక్కవాళ్లతో పాల బాకీల గురించి జోకులాడుతున్న అక్క మాట ఆపేసింది. పాదాలు ముందు కదిలాయి. తర్వాత భుజాలు. ఆ తర్వాత ఆమె ముఖం నేనెరిగిన ముఖం కాదు. జనం దారి ఇచ్చి ఒక్కొక్కరే ముందుకు వచ్చి అడగడం మొదలుపెట్టారు. వానలు పడతాయా, బోరు వేస్తే నీళ్లు పడతాయా, బిడ్డ పెళ్లి ఎప్పుడవుతుంది. గంభీరమైన గొంతుతో, కొడుకా అనో బిడ్డా అనో సంబోధించి, ఒక్కో మాటలో జవాబు చెప్పింది. చివరికి కుప్పకూలితే నలుగురు పట్టుకుని నీళ్లు తాగించారు. తేరుకున్నాక దూరపు ఊరి నుంచి వచ్చిన మనిషిలా చుట్టూ చూసి, "ఏమన్నదట అమ్మ?" అని అడిగింది. ఊగినప్పుడు అన్న మాట ఒక్కటీ ఆమెకు గుర్తుండదు.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. శిగం వచ్చినప్పుడు లోకమంతా అడగొచ్చు, సొంత ఇంటివాళ్లు మాత్రం అడగకూడదు. కారణం ఇంటాయన చెప్పాడు. "ఇంటోల్లు అడిగితె, అమ్మ పలుకుతుందో, పెండ్లమే పలుకుతుందో ఎట్ల తెలుస్తది? నా పెండ్లం సంగతి నాకు ఎరుక లేదా? నేనేమన్న అడిగితె అమ్మను పక్కకు జరిపి మరీ తిడతది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అది ఎంత తెలివైన కట్టుబాటో మరుసటి ఏడాదికి గాని తెలియలేదు.

వాళ్లకు ఒక్కడే కొడుకు. ఇంటర్ దాకా చదివి, విమానాశ్రయం వచ్చాక క్యాబ్ డ్రైవర్‌గా కుదురుకున్నాడు. తెల్లచొక్కా, అద్దంలో చూసుకుని దువ్వుకునే జుట్టు, ఎప్పుడూ పెదవుల మీద నవ్వు. ప్యాసింజర్ల ఇంగ్లీషు విని వచ్చి మా ఆవిడ మీద ప్రయోగించేవాడు. రెండో ఏడు బోనాలనాటికి సొంత కారు తీసుకున్నాడు. ఆ రోజు దాన్ని కడిగి, వేపమండలు కట్టి, గుడి ముందు తెచ్చి నిలిపాడు. డప్పులు మోగుతున్నాయి, అక్క ఊగుతోంది. అడిగేవాళ్ల వరస అయిపోవస్తుండగా వాడు జనంలోంచి నవ్వుతూ ముందుకొచ్చాడు. "అందర్ని చూస్తివి. నన్ను గూడ జర చూడరాదే అమ్మా. కొత్త బండి తీసుకున్న" అన్నాడు. వాడికి అది సరదా. జనం మాత్రం చప్పబడ్డారు. "అరేయ్, ఇవతలికి రారా" అని తండ్రి కేకేశాడు. అప్పటికే ఆమె వాడి వైపు తిరిగింది. వేపమండ వాడి నెత్తిన ఆనించి, "నా కొడుకా. నేనున్న. నీకేం కానియ్య" అంది. అలా అని పడిపోయింది. తేరుకున్నాక ఎప్పటిలా "ఏమన్నదట?" అని అడిగితే, అందరూ వానల మాట చెప్పారు. కొడుకు మాట వాడే సాయంత్రం నవ్వుతూ చెప్పాడు. ఆమె నవ్వలేదని మా ఆవిడ అంది. "ఎందుకడిగినవ్‌రా?" అని మాత్రం అన్నదట.

ఆ చలికాలంలో ఓ పొద్దున మంచు బాగా పట్టింది. విమానాశ్రయంలో ప్యాసింజర్‌ను దించి తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన దీపాల్లేకుండా ఆగి ఉన్న లారీ వాడికి కనిపించలేదు. డెస్కు పని చేసి వచ్చి నిద్రపోతున్న నన్ను మా ఆవిడ లేపేసరికి కింద వాకిట్లో ఓ క్యాబ్ అడ్డంగా ఆగి ఉంది. దాని డ్రైవర్, అక్క కొడుకు దోస్తు, శంషాబాద్ ముస్లిం పిల్లవాడు, గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అక్కను "ఖాలా... ఖాలా..." అని పిలుస్తున్నాడు. తర్వాతి మాట రావడం లేదు. అక్క చేతిలో పాల క్యాన్ ఉంది. దాన్ని జాగ్రత్తగా, ఒలకకుండా, గోడ వారన పెట్టడం చూశాను.

ఆ సాయంత్రం మామూలుగా డెస్కుకు వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది. స్థానిక విలేకరి పంపిన వార్త నా టేబుల్ మీదికే వచ్చింది. రోడ్డు ప్రమాదంలో క్యాబ్ డ్రైవర్ మృతి, సింగిల్ కాలమ్. వయసు తప్పు రాశాడు. దిద్దాను. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు అన్న వాక్యం చేరుద్దామని కలం ఎత్తి మానేశాను, అలాంటి వాక్యాన్ని స్థలం చాలదని నేనే ఎన్నోసార్లు కొట్టేసి ఉన్నాను.

దినాలయ్యాక అక్క అందరినీ అడగడం మొదలుపెట్టింది. ఏడవడం తక్కువ, అడగడం ఎక్కువ. పాలు పోయడానికి వెళ్లిన ప్రతి గడపలోనూ, "ఆ నాడు నేనేమన్న? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి" అని. ఒకరు నేను కాపాడుకుంట అన్నావన్నారు. ఒకరు నువ్వేమీ అనలేదు, ఉత్తగ నెత్తి నిమిరినవన్నారు. ఇంకొకరు జాగర్త కొడుకా అని హెచ్చరించావన్నారు, పాపం ఆమెకు ఊరటగా ఉంటుందని. ఒకరోజు మెట్లెక్కి మా మేడ మీదికే వచ్చింది. "తమ్మీ, నువ్వు పేపరాయనవు. నలుగురు నాలుగు తీర్ల చెప్తుండ్రు. నువ్వన్న నిజం చెప్పు" అంది. విన్నది విన్నట్టు చెప్పాను. నేనున్న, నీకేం కానియ్య. ఆమె తలూపింది. అదేదో తనకు ముందే తెలుసన్నట్టు.

"గది అమ్మ గొంతేనా, నా గొంతా?"

డప్పుల మోతలో పోల్చుకోలేకపోయానని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆమె మెట్ల మీదే కూలబడి, తనలో తాను అన్నట్టు చెప్పుకుపోయింది. "అమ్మ గొంతైతె, అమ్మ అబద్ధమాడింది. నా గొంతైతె, గిన్నేండ్ల సంది నేనే ఊగిన్నేమో, అమ్మ ఎన్నడు రాలేదేమో. గిందరికి గిన్ని మాటలు చెప్పిన కదా తమ్మీ. పెండ్లిల్లు చేసిండ్రు, బోర్లేసిండ్రు నా మాట పట్టుకోని. ఇగ నేనెవల్ని?" మా ఆవిడ ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. పైనుంచి ఓ విమానం వెళ్లింది. ముగ్గురం అది పోయేదాకా ఊరుకున్నాం. పోయాక ఆమె లేచి బర్రెల దగ్గరికి దిగిపోయింది.

అప్పటి నుంచి ఆమె పోచమ్మను కడగడానికి పోవడం మానేసింది. మంగళవారాలు ఎవరో ఒకరు దీపం పెట్టేవారు. ఇంటాయన తాగుడు పెంచాడు. "ఆ జడ కోసేసుకో, నాకు దాన్ని చూస్తె మండుతుంది" అని ఆమె మీద అరిచేవాడు. "అమ్మ ఇచ్చింది. కావాల్నంటె ఆమెనే తీస్కపోవాలె" అని ఆమె ఒకే మాట. బోనాలొచ్చాయి. రాదేమో అనుకున్నాం, వచ్చి నిలబడింది. డప్పులవాళ్లు ఆమె ముందుకొచ్చి ప్రాణం పెట్టి కొట్టారు. ఆమె పాదాలు కదల్లేదు. చాలాసేపు నిలబడి, చివరికి పక్కకు తప్పుకుంది. ఆ మరుసటి ఏడాదీ అంతే. "బోరు ఎండితె చూసినవా తమ్మీ," అంది నాతో. "మోటరు తిరుగుతది. సప్పుడస్తది. గాలొస్తది. నీళ్లే రావు. గట్లున్నది నా లోపట."

అప్పట్లో ఆదివారం ఆధ్యాత్మిక పేజీ కూడా నా నెత్తినే పడింది. ఎండిపోయిన భక్తుడికి దేవుడు పరీక్ష పెడతాడనీ, ఓపికతో నెగ్గితే రెట్టింపు ఫలం ఇస్తాడనీ వారం వారం వ్యాసాలొచ్చేవి. రాసేవాళ్లు విద్వాంసులు, దస్తూరీలు ముత్యాల్లా ఉండేవి. నేను విరామచిహ్నాలు దిద్ది పంపేవాణ్ని. వాటిలో ఒక్క ముక్కయినా కిందికి వెళ్లి అక్కకు వినిపించగలనా అని ప్రతిసారీ అనిపించేది. పరీక్ష పేరుతో అమ్మే కొడుకును తీసుకున్నదని ఆ తల్లికి చెప్పే ధైర్యం నాకు లేదు.

శివసత్తి లేని బోనాలు ఏం బోనాలని, మూడో ఏడు మంఖాల్ దిక్కు నుంచి వేరొకామెను పిలిపించారు. ఆమె చాలా చురుకైన మనిషి. ఆటో దిగుతూనే ఊగింది, అడిగినవాళ్లందరికీ బాగైతది అని చెప్పింది, మళ్లీ అదే ఆటోలో ఇంకో కాలనీకి వెళ్లింది. "గీమెకు అమ్మ బస్ టైమింగ్ లెక్క వస్తది" అన్నాడు ఇంటాయన, చాలాకాలానికి ఆయన నోట వచ్చిన హాస్యం అది. అక్క కూడా నవ్వి, వెంటనే చెంపలు వేసుకుంది. "ఆమెకు వస్తుందో రాదో మనకేం ఎరుక. నవ్వొద్దు."

ఆ ఏడు అలా గడిచింది. 2013లో ఆ మంఖాల్ ఆమె బోనాల రోజు కుదరదని కబురు పంపింది. కులపెద్ద ఒకాయన, అందరూ పటేలా అని పిలిచేవాళ్లు, వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. నేను కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్నాను.

"చూడు చెల్లె," అన్నాడు. "ఈసారి నువ్వే ఊగాలె."

"అమ్మ రాకుంటె ఎట్ల ఊగాలె పటేలా?"

"చేసిన పనే గదనే. చెయ్యి మరిచిపోతదా? జర కండ్లు మూసి రెండు అడుగులేస్తివంటె డప్పోల్లు సంబాలిస్తరు. ఎవలు చూడొచ్చిండ్రు లోపట అమ్మున్నదా లేదా? జనానికి ధైర్నం గావాలె. భూములు పాయె, ఊరు పాయె, ఇగ అమ్మ గూడ పాయెననుకుంటె ఎట్ల బతుకుతరు?"

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాటలో నిజం ఉందని నాకే అనిపించింది. ఇంటాయన కూడా ఆమెను బతిమాలాడు. "ఒక్కపాలి ఊగి చూడరాదే. ఊగంగ ఊగంగ మల్ల వస్తదేమో." ఆయన ఆశ వేరు, ఆమె మళ్లీ మునుపటి మనిషి అవుతుందని. ఆమె ఇద్దరి వైపూ చూసి, "నిలబడమంటె నిలబడత" అంది.

బోనాల సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే బోనాలు గుడి దగ్గరికి చేరాయి. అక్క ముఖాన పసుపు రాసుకుని, చేతిలో వేపమండ పట్టుకుని నిలబడింది. డప్పులు మొదలయ్యాయి. పటేల్ డప్పులవాళ్లకు కన్ను గీటి ఇంకా కొట్టమన్నాడు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ మూల ఇంటి చిన్నకోడలు వచ్చింది. ఇరవై దాటని పిల్ల. భుజాన రెండేళ్ల బిడ్డ, ఆడపిల్ల, తల వేలాడేసి ఉంది. చాలా రోజులుగా జ్వరం. తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు, కాలనీ ఆర్‌ఎంపీ సూది వేశాడు. పట్నం దవాఖానకు తీసుకుపోదామని ఆ పిల్ల ఏడిస్తే, ఇంట్లో పెద్దవాళ్లు బోనాల నాడు అమ్మ మాట విన్నాకే కదలాలన్నారట. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఆమె రాగానే జనం పక్కకు జరిగి చోటిచ్చారు.

"అమ్మా, నా బిడ్డ బతుకుతదా? చెప్పమ్మా. బతుకుతదా?"

అక్క కళ్లు మూసుకుంది. ఊగుతుందనే అనుకున్నాను. ఊగాలనే అనుకున్నాను కూడా, ఎందుకంటే ఆ పిల్ల ముఖం చూడడం కష్టంగా ఉంది. ఆమె కళ్లు తెరిచింది. వేపమండ నేల మీద పెట్టింది. పాలు పోసేటప్పటి గొంతుతోనే మాట్లాడింది.

"అమ్మ రాలే బిడ్డా. నేనే మాట్లాడుతున్న. బతుకుతదో లేదో నాకు తెల్వదు. అమ్మ మాట కోసం ఆగకు. దవాఖానకు పోదాం పా. నేను గూడ వస్త."

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "పండుగ పూట గిదేం మాటనే!" అని పటేల్ అరిచాడు. బిడ్డ నాయనమ్మ అడ్డం వచ్చింది. "దేవుని కాడ నిలబడి తెల్వదంటవా? కొడుకును మింగి, ఇగ మా పిల్లను గూడనా?" అంది. అక్క ఆ మాటకు ఒక్కసారి తూలింది, అంతే. బిడ్డను తన భుజానికి మార్చుకుని నడిచింది. గుడి ముందే ఆగి ఉన్న ఓ క్యాబ్‌లో ఆ తల్లితో కలిసి కూర్చుంది. మా ఆవిడ నన్ను ముందు సీట్లోకి నెట్టింది. ఆరాంఘర్ దాటి పట్నం వచ్చాం. పిల్లల దవాఖాన గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఆ పసుపు ముఖం చూసి, భూతవైద్యం చేసే మనిషి అనుకున్నాడేమో, లోపలికి పోనివ్వలేదు. నా ప్రెస్ కార్డు జీవితంలో ఒకసారైనా మంచి పనికి పనికొచ్చింది. డాక్టరమ్మ బిడ్డను చూసి, మెదడుకు జ్వరం ఎక్కిందనీ, చాలా ఆలస్యమైందనీ, చేయగలిగింది చేస్తామనీ అంది.

అక్క అక్కడే ఉండిపోయింది. బర్రెల్ని మా ఆవిడా ఇంటాయనా చూసుకున్నారు. మా ఆవిడ పాలు పితకడం నేర్చుకోవడం మరో కథ, బర్రె వైపు నుంచి చెప్పాల్సింది. నేను డెస్కుకు వెళ్లేముందు అన్నం క్యారియర్ తీసుకెళ్లి ఇచ్చేవాణ్ని. వార్డు బయట వరండాలో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉండేవాళ్లు. కొన్ని రోజులు పోరాడి ఆ బిడ్డ పోయింది.

కాలనీలో చాలామంది అక్కతో మాట్లాడడం మానేశారు. అమ్మ పేరు చెప్పి బతుకుతదని ఒక్క మాట అని ఉంటే బిడ్డ బతికేదని కొందరు, ఆమె నోట మంచి మాట రాదని కొందరు. కొన్ని ఇళ్లు పాలు మాన్పించాయి. పటేల్ ఇటు రావడం మానుకున్నాడు. ఇంటాయన మాత్రం విచిత్రంగా తాగి వచ్చి అరవడం తగ్గించాడు. ఒకరోజు నాతో, "నా పెండ్లం అబద్ధమాడకుండ వచ్చింది పేపరాయనా. నేనే ఆడమన్న" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం అక్క పిడకలు తిరగేస్తూ, అడగకుండానే నాతో చెప్పింది. "దవాఖానల ఒకటి చూసిన తమ్మీ. వార్డుల మంచానికొక తల్లి. ఒకామె పాలమూరామె, ఒకామె పాతబస్తీ తురకామె, ఒకామెది ఏ భాషనో. అందరు బిడ్డల నెత్తి నిమురుకుంట ఒకటే మాట. నేనున్న, నీకేం గాదు. నేనున్న, నీకేం గాదు. పొద్దుమాపు అదే. డాక్టరమ్మ అటు దిరిగి తలకాయ ఊపిపోతది, వీల్లు ఇటు దిరిగి మల్ల అదే. కూసోని విన్న. ఒక్కతన్న అబద్ధమాడుతున్నట్టు అనిపియ్యలే నాకు."

ఇంకో పిడక అందుకుంది. "ఆ నాడు నా నోట్లకెల్లి వచ్చింది గదే మాట. అమ్మదో నాదో ఇప్పటికి తెల్వదు. తెల్వకుంటె తెల్వకపాయె. తల్లైనంక ఎవలైన గదే అంటరు. ఆమె గూడ తల్లేనాయె." పిడక తిరగేసింది. "అన్నంత మాత్రాన ఆపగలుగుతదని ఎవలన్నరు?"

నేను ఎన్నో ఏళ్లు దిద్దిన ఆధ్యాత్మిక పేజీలో ఈ సంగతి ఎవరూ రాయలేదు. ఇది ఓదార్పు అవునో కాదో కూడా నాకు తెలియదు. దేవుడి మీద నమ్మకం పెట్టుకోవడానికి ఆయన శక్తిని తగ్గించుకోవలసి వస్తే, ఆ నమ్మకం ఏపాటిదని నా లోపలి పాత్రికేయుడు అడిగాడు. ఆమెకు మాత్రం అది సరిపోయినట్టుంది. ఆ మంగళవారం తెల్లవారి బిందె ఎత్తుకుంది. పాలకని లేచిన మా ఆవిడ, కుతూహలం ఆపుకోలేక వెనకాలే వెళ్లింది. నాలుగేళ్లుగా మాటల్లేని ఆ ఇద్దరి మధ్య ఏం జరుగుతుందో అని. అక్క రాయిని కడిగింది, రుద్ది రుద్ది కడిగింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని అందట: "పలుకకు. నువ్వు పలుకకుంటె నాకేమాయె. నేనైతె వస్త. చూద్దాం, ఎవలు ముందుగాల అలసిపోతరో."

తర్వాత ప్రతి మంగళవారమూ వెళ్లింది. కొన్నాళ్లకు ఆ మూల ఇంటి చిన్నకోడలు కూడా వచ్చి గుడి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. దండం పెట్టేది కాదు, మాట్లాడేది కాదు. ఊళ్లో అందరి దగ్గరికీ వెళ్లడం మానేసిన పిల్ల, ఈమె దగ్గరికి ఎందుకు వస్తుందని మా ఆవిడ ఒకసారి మెల్లగా అడిగింది. "అక్కొక్కతే నాకు బతుకుతదని చెప్పలే" అందట ఆ పిల్ల.

2014లో, రాష్ట్రం వచ్చిన వానాకాలంలో, బోనాలు ఘనంగా చేశారు. గులాబీ రంగు కాగితాలు కట్టారు, మైకులు పెట్టారు, మంఖాల్ ఆమె ముందే మాట ఇచ్చి వచ్చి ఊగింది. అక్క వరసలో అందరి మధ్య నెత్తిన బోనం పెట్టుకుని మామూలు ఆడమనిషిలా నడిచింది. డప్పులవాడు పాత అలవాటుగా ఆమె ముందు ఒక్కక్షణం ఆగి, ముఖంలోకి చూసి, గట్టిగా కొట్టాడు. ఆమె నవ్వి, పొమ్మన్నట్టు గడ్డం ఎగరేసింది. "మల్ల వస్తదా అక్కా?" అని ఆ సాయంత్రం వాళ్ల భాషలోనే అడిగాను. "వస్తె కూసొమ్మంట. రాకుంటె నేనే పోతున్న గదా" అంది, బర్రెకు కుడితి కలుపుతూ. ఆ చలికాలంలోనే మా డెస్కును మళ్లీ నగరానికి మార్చారు. మేం ఇల్లు ఖాళీ చేశాం. అప్పటికి అమ్మ ఆమె మీదికి రాలేదు. తర్వాత వచ్చిందో లేదో నాకు తెలియదు.

సంతాప వార్తల చివర కాలమే గాయాలను మాన్పుతుందని మా పత్రికలో ఓ వాక్యం తరచూ వేసేవాళ్లం, స్థలం మిగిలితే. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ కాలం ఎవరి గాయాన్నీ మాన్పడం నేను చూడలేదు. అది మామూలుగా నడిచిపోయింది, వారం తర్వాత వారం, వాన తర్వాత వాన, ఎవరి కోసమూ ఆగకుండా. అక్క కూడా దాన్ని ఆగమని అడగలేదు, తన దుఃఖాన్ని చంకనెత్తుకుని, దానితోపాటే నడిచింది.